ఎదురు పరుగు

గేటు వేసి, పచ్చజెండా పట్టుకుని నిలబడింది గేటమ్మ.

యుద్ధం రోజులు. రైళ్ళన్నీ కిక్కిరిసి వస్తున్నాయి. ఇప్పుడు రాబోయే బండిని నడిపేది ఆవిడ సొంత తమ్ముడే.

అంతలో వంతెన వైపు నుంచి పట్టాల వెంబడి ఒకడు పరుగెత్తుకొచ్చాడు.

బనియను చిరిగింది. ఎడమ చెయ్యి వేలాడుతోంది. కాళ్ళు మాత్రం తడబడటం లేదు. ఎంత దూరం నుంచి వస్తున్నాడో గానీ, అడుగు మీద అడుగు ఒకే తీరున పడుతోంది.

"దొంగై ఉంటాడక్కా! లోపలికెళ్ళి గడియ పెట్టుకో," అన్నాడు గేటవతల సైకిలు మీదున్న పాలవాడు.

"దొంగైతే వెనక్కి చూసుకుంటూ పరుగెత్తుతాడురా. ఇతను ముందుకే చూస్తున్నాడు."

వచ్చినవాడు ఆవిడ చేతిలోని పచ్చజెండా లాగి పారేశాడు.

"ఏయ్! ఒళ్ళు కొవ్వెక్కిందా?"

అతను నోరు మెదపలేదు. వంతెన వైపు చెయ్యి చూపించాడు.

"మూగోడు పాపం. పిచ్చి కూడా ఉన్నట్టుంది," అంది గేటమ్మ.

అతను ఒక పుల్ల తీసి, రెండు రాళ్ళ మీద అడ్డంగా పెట్టి, కాలితో తొక్కాడు. పుటుక్కున విరిగింది.

"పొయ్యిలోకి పుల్లలు కావాలా అంటున్నాడక్కా!" పాలవాడు పగలబడి నవ్వాడు.

గేటమ్మ నవ్వలేదు. ఇందాక వంతెన వైపు ఢామ్మని చప్పుడైంది. క్వారీలో రాళ్ళు పేలుస్తున్నారనుకుంది.

లోపలికెళ్ళి ఫోను ఎత్తింది. ఉలుకూ పలుకూ లేదు.

మలుపు అవతల రైలు కూత వేసింది.

"అక్కా, కిందటేడు ఊరికే బండి ఆపావని ఉద్యోగం ఊడినంత పనైంది. ఈసారి ఆపావంటే ఇంటికే."

"ఉద్యోగం పోతే కూలికెళ్తా. తమ్ముడు పోతే తెచ్చిస్తావురా?"

ఎర్రజెండా పట్టుకుని పట్టాల మీదికి దిగింది. మోకాళ్ళ నొప్పులు. నాలుగడుగులు వేసేసరికి ఆయాసం ముంచుకొచ్చింది.

అతను జెండా లాక్కున్నాడు. చూస్తుండగానే మలుపు తిరిగిపోయాడు.

ఇనుము కీచుమంది. బండి వణుక్కుంటూ వచ్చి గేటు ముందు ఆగింది.

తమ్ముడు కిందికి దూకాడు. "అక్కా! మళ్ళీనా? కొంప ముంచావు కదే!"

"ముందు వంతెన సంగతి కనుక్కో. తర్వాత తిడుదువుగాని."

పాలవాడు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, చాలాసేపటికి తిరిగొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వంతెన లేదక్కా. కింద నీళ్ళే ఉన్నాయి."

తమ్ముడు అక్కడే కూలబడ్డాడు. పెట్టెల కిటికీల్లోంచి పసిపిల్లలు తొంగి చూస్తున్నారు.

ఎర్రజెండాతో తిరిగొచ్చిన అతన్ని గేటమ్మ బల్ల మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళిచ్చింది. అప్పుడే సైన్యం జీపు వచ్చి ఆగింది.

"ఇటుగా ఎవరైనా పరుగెత్తుకొచ్చారా?" అడిగాడు అధికారి.

ఆవిడ అతని భుజం మీద చెయ్యేసి మరీ చూపించింది.

"ఈయనే బాబూ! ఇంతమందిని కాపాడిన దేవుడు. మూగవాడు పాపం. మంచి బహుమానం ఇప్పించండి."

జవాన్లు తుపాకులెత్తారు. అతను చెంబు కింద పెట్టి, కుడిచెయ్యి పైకెత్తాడు.

"ఇదేం అన్యాయం బాబూ?"

"మూగవాడు కాదమ్మా. మన భాష రాదు." అధికారి కొండ వైపు చూశాడు. "అది దాటితే వాళ్ళ దేశమే. కూలిన విమానంలో ఇతని పేరు దొరికింది. దూరం పరుగులో వాళ్ళ సైన్యంలోనే ఇతనికి సాటి ఎవరూ లేరు. ఈపాటికి సరిహద్దు దాటేసుంటాడని అటే గాలించాం."

అతని భుజం మీంచి గేటమ్మ చెయ్యి తియ్యలేదు.

"ఆ వంతెన మీద బాంబు వేసింది ఇతనేనమ్మా," అన్నాడు అధికారి మెల్లగా.