నీలిగీతల జాగా

ఆస్పత్రి ముందు, నడవలేనివాళ్ళకని నీలిగీతలు గీసిన పార్కింగ్ జాగాలు రెండే. ఒకటి మంచుగుట్ట కింద ఉంది.

రెండోదాంట్లో ఓ పాత వ్యాను. లోపల ఒక్క మనిషి, కాఫీ తాగుతూ.

కారిన్ తన కారు హారన్ గట్టిగా నొక్కింది. అతను ఉలిక్కిపడ్డాడు గానీ బండి కదల్లేదు.

ఎనిమిదికల్లా లోపల ఉండాలి. ఆలస్యమైతే సీటు మరో బిడ్డకు వెళ్ళిపోతుంది. కండరాల జబ్బున్న పిల్లలకు మూడు వారాలపాటు రోజూ గంటల తరబడి కసరత్తు చేయించే చోటు ఇది. ఏడాదిగా ఎదురుచూస్తుంటే నిన్న సాయంత్రం ఫోనొచ్చింది, ఓ సీటు ఖాళీ అయిందని.

ఎలా ఖాళీ అయిందని కారిన్ అడగలేదు. ఈ పిల్లల తల్లులెవరూ అడగరు.

"అమ్మా, టైమైపోయిందా?" వెనక నుంచి ఆరేళ్ళ టిల్లీ.

"లేదు. నువ్వు టోపీ పెట్టుకో."

కారిన్ దిగి వ్యాను అద్దం మీద కొట్టింది.

"ఏమయ్యా, నీ కాళ్ళు బాగానే ఉన్నట్టున్నాయే! నీలిగీతలు కనబళ్ళేదా?"

అతను అద్దం దించాడు. గడ్డం మాసి ఉంది.

"అది కాదు మేడమ్, నేనిక్కడ..."

"నడవలేనివాళ్ళకిచ్చే పార్కింగ్ కార్డు ఎవరిదో తగిలించుకుని తిరిగే రకాలను చాలామందిని చూశాన్లే. నా కూతురు ఈ మంచులో నాలుగడుగులేస్తే పడిపోతుంది. కాఫీ తాగడానికి నీకిదే దొరికిందా?"

అతను కారు వైపు చూశాడు. "కసరత్తుకా, పాప?"

"నీకెందుకు? ముందు బండి తియ్!"

అతను బండి తీశాడు. దూరంగా ఆపి, పరుగున వచ్చాడు.

"పాపను నేనెత్తుకోనా?"

"ముట్టుకోకు."

అతను అక్కడే నిలబడిపోయాడు.

సమయానికే చేరారు. కసరత్తు చేయించే లోర్నా, టిల్లీ నడుముకు బెల్టు కట్టి, ఇనుప చట్రం నుంచి వేలాడే రబ్బరు తాళ్ళు తగిలించింది.

"చేతులు ఆనించకుండా లేవాలి బంగారం."

"నన్ను కోతిని కట్టేసినట్టు కట్టేశారు," అంది టిల్లీ.

"కోతైతే ఈపాటికి లేచేది."

టిల్లీ తొడలు వణికాయి. సగం లేచి కూలబడింది. కారిన్ చెయ్యి సాచబోయింది.

"మీరు ఆగండి. తననే లేవనివ్వండి."

టిల్లీ పళ్ళు బిగించింది. మెల్లగా, వంకరగా, ఈసారి లేచి నిలబడింది.

కారిన్ చప్పట్లు కొట్టింది.

"పార్కింగ్ ఇబ్బంది కాలేదు కదా?" అడిగింది లోర్నా.

"ఎందుకు కాలేదు! ఎవడో పెద్దమనిషి పాత వ్యాను పెట్టుకుని కూర్చున్నాడు. బాగా గడ్డి పెట్టాను."

లోర్నా చేతులు తాళ్ళ మీదే ఆగిపోయాయి.

"ఆయన ఆ జాగా పట్టి ఉంచింది మీ కోసమే. చీకటితోనే వచ్చి మంచు కూడా తనే తీశాడు."

"మా కోసమా? మేమెవరో ఆయనకేం తెలుసు?"

కారిన్ కిటికీలోంచి చూసింది. వ్యాను లేదు.

లోర్నా, టిల్లీకి వినబడకుండా దగ్గరికొచ్చింది.

"మీరెవరో ఆయనకి తెలీదు. మొన్న చనిపోయిన వాళ్ళబ్బాయి సీటులోకి ఇవాళ ఓ బిడ్డ వస్తోందని మాత్రం తెలుసు."