ఒక్క కుట్టు తప్పినా

"నా వేళ్ళకే రోగమూ లేదు! ఉంటే గింటే నీ కళ్ళకుంది!"

దర్జీ మామగారి కేకకి షాపులో మిషన్లు రెండూ ఠక్కున ఆగిపోయాయి. ల్యాబులో రక్తపరీక్షలు చేసే కోడలు మాత్రం గుమ్మంలోంచి అంగుళం కదల్లేదు. చేతిలో సిరంజి, మొహంలో మొండితనం.

"నాలుక చాపండి మామయ్యా."

"నేనేమన్నా పసిపిల్లాణ్ణా?"

"చాపండీ!"

పీడా వదుల్తుందని చాపాడు.

"ఎర్రగా, నున్నగా అయిపోయింది. అరికాళ్ళలో చీమలు పాకుతున్నాయని మీరే అన్నారు. మొన్న మెట్ల మీద తూలారు. నిన్న ఒకే మనిషికి రెండుసార్లు కొలతలు తీశారు. బి-ట్వెల్వ్ విటమిన్ తగ్గితే ఇలాగే ఉంటుంది. వదిలేస్తే నరాలు దెబ్బతిని వేళ్ళకి స్పర్శే పోతుంది. కాస్త రక్తమివ్వండి, తేలిపోతుంది."

"అదంతా వయసే! ఇవాళ రక్తమంటావు, రేపు కత్తెర దించి పడక్కుర్చీ ఎక్కమంటావు. నేనెక్కను!"

"ఆ కత్తెర పట్టే చెయ్యి నిలవాలనే కదా నా గోలంతా!"

మిషన్ల దగ్గరున్న ఇద్దరూ కిసుక్కున నవ్వారు. అంతే, ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. బల్ల మీది నల్లకోటు లాగి ఒళ్ళో వేసుకున్నాడు.

"పందెం! ఈ అంచు చేత్తో కుడతా. ఒక్క కుట్టు వంకరపోయినా నీ ఇష్టమొచ్చిన చోట గుచ్చుకో. పోలేదా, ఈ గుమ్మంలో మళ్ళీ విటమినన్న మాట వినపడకూడదు!"

"సరే మామయ్యా."

ఎడమచేతి చూపుడు వేలు అంచు కిందికి దూర్చి, పైనుంచి సూది దింపాడు. బట్ట వంక చూస్తే ఒట్టు! కోడలి మొహంలోకే కళ్ళెర్రజేసి చూస్తూ, టకటకా కుట్టుకుపోయాడు. ఎంత హాయిగా సాగిందో చెయ్యి! ఈ మధ్య ఇంత జోరుగా ఎప్పుడూ కుట్టలేదు. ముడేసి, దారం పటుక్కున కొరికి, కోటు పైకెత్తి పట్టుకున్నాడు.

"చూసుకోవే తల్లీ! కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసుకో!"

కోడలు వంగి అంచు పొడవునా చూసింది. గీత గీసినట్టున్నాయి కుట్లు.

"లేదు మామయ్యా. ఒక్కటీ తప్పలేదు. మీరే గెలిచారు."

"మరి నడువు! నీ సిరంజి పట్టుకుని నడువు!"

గెలిచిన ఊపులో కోటు ఆమె మీదికి విసిరాడు. కోటు గాల్లోకి లేచి, ఆయన చేతికే వేలాడింది: ఆఖరి నాలుగు కుట్లూ చూపుడు వేలి చర్మంలోంచే పోయాయి.