మడతల కాగితం

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అనగా, మధ్యాహ్నం వార్డులోకి ఒకామె వచ్చింది.

యాభై ఏళ్లుంటాయి. నలిగిన చీర. కుడి చంకలో ఒక తువ్వాలు మడత. ఎడమచేతిలో నాలుగు మడతల కాగితం.

తిన్నగా లోకేశ్వరి మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"భుజం నొక్కుకుంటా ఉండావే పాపా. ముందునుంచే నొప్పా?"

లోకేశ్వరి నోరు తెరిచింది. పక్కనున్న మొగుడు మునిశేఖర్ ఒక చూపు చూశాడు. తెరిచిన నోరు మూసుకుంది.

"ఏ నొప్పీ లేదు" అన్నాడతను.

"పిల్లల ఆపరేషన్ అయినాక నొప్పి శానా దినాలు నిల్చినాదా?"

"లేదు."

"భయంతో నిద్ర పట్టకుండా ఉండాదా?"

"లేదమ్మా. భయమూ లేదు, పాడూ లేదు."

మూడూ అబద్ధాలే. పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసి కోసి లోకేశ్వరి భుజం ఎప్పుడో పాడైంది. పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు పొత్తికడుపు పట్టుకునే తిరిగింది. ముప్పై ఆరేళ్లకే రొమ్ములో గడ్డ అన్న రోజునుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు.

కానీ ఆటోస్టాండులో స్నేహితుడు గిరిప్రసాద్ మునిశేఖర్ చెవిలో ఒక మాట వేసి పంపాడు. "పాత జబ్బులుండాయని రాసుకుంటే ఆరోగ్య కార్డు చెల్లదప్పా. ఎవురేం అడిగినా లేదను."

ఈమె ఆ కార్డులు చూసే మనిషేనని మునిశేఖర్ గట్టిగా నమ్మాడు.

"ఆయమ్మనే చెప్పనీ నాయనా" అంది ఆమె.

"నేను చెప్తే చాలదా? నువ్వెవురు ఈడ?"

ఆమె కాగితాన్ని ఎడమచేత్తోనే అతని మొహం ముందుకు చాపింది. "ఇది సూడు. ఒక్కసారి సూడు."

మునిశేఖర్‌కు ఒళ్లు మండింది. ఆడమనిషి, అదీ ఎడమచేత్తో. ఆ కాగితం వైపు చూడనైనా లేదు. ఆమె కుడి రెక్క పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకుపోయాడు.

ఆమె అరవలేదు. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. ముఖం పాలిపోయింది.

ఏం నటన అనుకున్నాడు.

"పోతాలే నాయనా" అంది ఊపిరి అందాక. "రేపు మత్తు డాక్టరు అడిగినప్పుడైనా నిజం చెప్పు."

అతను ఆఫీసుకెళ్లి ఆమె మీద ఫిర్యాదు రాసిచ్చాడు. మర్నాడు మత్తు డాక్టరు అడిగితే మళ్లీ మూడు సార్లు లేదు అన్నాడు. లోకేశ్వరి తల ఊపింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. రొమ్ములో గడ్డతోపాటు చంకలో గడ్డలూ తీశారు. రేడియేషన్ కరెంటు పెట్టారు. రోగం పోయిందన్నారు.

గాయం మానింది. నొప్పి మానలేదు.

చంక కింద కారం పూసినట్టు మంట. జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోయేది. జడ వేసుకోను చెయ్యి లేచేది కాదు. ఫ్యాక్టరీ పని పోయింది. కూతురు మహిత బడినుంచి వచ్చి మీద పడబోతే చెయ్యి అడ్డం పెట్టేది. కొన్నాళ్లకు ఆ పిల్ల దగ్గరికి రావడమే మానేసింది.

"రోగం పోయింది గదా, ఇంకా ఏం మూలుగుడు" అనేవాళ్లు చుట్టాలు. ఒకరోజు మునిశేఖర్ కూడా అన్నాడు.

లోకేశ్వరి ఏడవలేదు. "ఈ చెయ్యి తీసేస్తారేమో అడగరాదా" అంది.

రెండేళ్ల తర్వాత అదే ఆసుపత్రిలో నొప్పులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకొచ్చాడు. ఆమె అవే మూడు ప్రశ్నలు అడిగింది. ఈసారి మునిశేఖర్ నోరు విప్పలేదు.

"ఉండాదమ్మా" అంది లోకేశ్వరి. "అన్నీ ఉండాయి. అప్పుడూ ఉండాయి."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది.

"నొప్పి ఇట్లా నిలవడానికి చిన్న వయసు, చంకలో గడ్డలు తియ్యడం, కరెంటు కారణాలు, ఇవి మన చేతిలో లేనివి. పాత నొప్పీ, భయమూ ఉన్నవాళ్లకు ఇది ఇంకా ఎక్కువగా నిలిచిపోతుంది. తెలిసుంటే ఆరోజే నరాలకు కూడా మత్తు సూది వేసేవాళ్లు. మొదటినుంచీ కనిపెట్టి ఉండేవాళ్లు. అసలు వచ్చేదే కాదని చెప్పను. ఇంత ఉండేది కాదేమో."

"ఇప్పుడు పోతుందా అమ్మా?"

"మందులు రాస్తాను. పోతుందని చెప్పలేను."

లోకేశ్వరిని బల్ల మీద కూర్చోబెట్టి మునిశేఖర్ పాత వార్డుకు పోయాడు. అక్కడ నర్సు రాజశ్రీ ఉంది.

"ఇక్కడ కాగితం పట్టుకోని తిరిగే ఒకామె... కార్డుల ఆమె..."

"కార్డులేంది? పోలేరమ్మా? ఆయమ్మకు ఈడ ఉద్యోగం లేదు. ఊరికినే వచ్చి అడిగేది. మేమడిగితే చెప్పని ఆడోళ్లు ఆయమ్మకు చెప్పేవాళ్లు. మేము పోయి డాక్టరుకు చెప్పేవాళ్లం."

"ఇప్పుడు యాడుంది?"

"ఎవురో రెక్క పట్టుకోని ఈడ్చినారు. ఆయమ్మకూ రొమ్ము ఆపరేషన్ అయిన పక్క. వారం దినాలు ఆ చేత్తో ముద్ద ఎత్తలేదు. పైగా ఫిర్యాదు రాసినారు, గేటు కాడే ఆపేసినారు. రోగం తిరగబెట్టి పోయినేడు పోయింది."



రాజశ్రీ సొరుగులోంచి నాలుగు మడతల కాగితం తీసింది. "ఇంక నువ్వన్నా అడగమ్మా అని నాకిచ్చి పోయింది."

మునిశేఖర్ విప్పాడు. అది పోలేరమ్మ సొంత కేసు కాగితం. మూడు ప్రశ్నలకూ ఎదురుగా 'లేదు' అని ఉంది, కింద 'సమాధానాలు చెప్పినవారు' అన్నచోట ఆమె మొగుడి సంతకం ఉంది.