నాలుగు తొమ్మిదులు

ఆఫీసులో ఆయన్ని అందరూ దశాంశం గారు అనేవారు. ఒక కొండ మీది సైనిక రేడియో మాట ఇంకో కొండకు ఎంత నమ్మకంగా చేరుతుందో ముందే లెక్కగట్టి చెప్పడం ఆయన ఉద్యోగం. అందుకు కొండెక్కే పని లేదు. ఏసీ గది, మ్యాపు, కంప్యూటరు ఉంటే చాలు.

ఈసారి లెక్క హెడ్‌క్వార్టర్స్ కొండకూ సరిహద్దు కొండకూ మధ్య. సరిహద్దు కొండ మీద నలభై మంది జవాన్లు. లోకంతో వాళ్ళకున్న దారి ఆ రేడియో ఒక్కటే. ఇన్నాళ్ళూ మాట నేరుగా పోయేది కాదు. నడిమి కొండ మీది మెషీను అందుకుని అవతలికి పంపేది. రెండేళ్ళుగా ఆ మెషీనుకు కాపలా కాస్తున్నవాడు సాక్షాత్తూ దశాంశం గారి బామ్మర్ది.

నడిమి కొండ ఖర్చు ఎందుకు, నేరుగా మాట్లాడుకోలేమా అని బ్రిగేడియర్ అడిగాడు. దశాంశం గారు లెక్క వేశారు. చెట్లతో నిండిన గట్టొకటి దారికి అడ్డొస్తోంది. నమ్మకం నూటికి అరవై దాటలేదు.

ఆ సంగతి ఇంట్లో చెప్పడమే ఆయన చేసిన తప్పు.

"అయితే మా తమ్ముడు ఆ కొండ మీదే ముసలివాడైపోవాలా? ఈ నెల దాటితే వేరే సంబంధం చూసుకుంటామంటున్నారు పిల్ల వాళ్ళు," అంది భార్య. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. అసలు ప్రమాదం అదే.

ఇల్లు రెండు రోజులు మూగబోయేసరికి కంప్యూటర్లో గట్టు కాస్త కుంగింది. వారం గడిచేలోగా దాని మీది చెట్లు కూడా మాయమయ్యాయి. నమ్మకం తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిదికి ఎగబాకింది. అంటే ఏడాది మొత్తం మీద గంటసేపు కూడా మాట తెగదన్నమాట.

బ్రిగేడియర్ పరీక్ష పెట్టించాడు. మెషీను ఆపేయమని నడిమి కొండకు ఆర్డరు వెళ్ళింది. ఆపేశానని బామ్మర్ది జవాబిచ్చాడు. దశాంశం గారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డారు. బ్రిగేడియర్ మైకు అందుకున్నాడు.

సరిహద్దు కొండ నుంచి జవాను గొంతు గంట కొట్టినట్టు పలికింది. సాయంత్రం దాకా ఒక్క మాట తెగలేదు.

దశాంశం గారు మొదట మ్యాపులో ఆ గట్టు కోసం మళ్ళీ వెతికారు. టీ వచ్చేసరికి ధైర్యమొచ్చింది. కప్పు ఖాళీ అయ్యేసరికి, తాను గట్టును తగ్గించలేదు, సరిదిద్దానని ఖాయంగా తోచింది. బ్రిగేడియర్ భుజం తట్టి ప్రమోషనుకు సిఫారసు చేశాడు. నడిమి కొండ టవరును ముక్కలుగా విప్పి లారీల్లో దింపేశారు. వాటి వెనకే బామ్మర్దీ దిగాడు. పిల్ల వాళ్ళు ముహూర్తం పెట్టుకున్నారు.

వాడు వచ్చిన రోజు ఇంట్లో విందు. సరిహద్దులో అలజడి మొదలైందని టీవీలో చెబుతున్నా దశాంశం గారు చలించలేదు. ఇప్పుడు నేరుగా మాట్లాడుకునే ఏర్పాటు ఉందిగా, భయమెందుకన్నారు. లెక్కంటే ఏమిటో, అది తనకెలా అబ్బిందో విస్తరి ముందు కూర్చుని చాలాసేపు వివరించారు.

అంతా విన్న బామ్మర్ది చేతులు కడుక్కుని, ఎవరూ వినకుండా దగ్గరికొచ్చి కృతజ్ఞతగా అన్నాడు:

"నా కోసమే లెక్క మార్చారని అక్క చెప్పింది బావా, అందుకే ఆ రోజు నేను మెషీను ఆపలేదు."