శూన్యమాసంలో ఖాళీ

2006 జనవరి. బౌద్ధుల కాలచక్ర ఉత్సవానికి విదేశీయులు వస్తున్నారనగానే అమరావతిలో ఇళ్ళ అద్దెలకు రెక్కలొచ్చాయి. వినుకొండలో టులెట్ బోర్డులు బూజు పట్టి వేలాడుతుంటే, ఇక్కడ రేకుల గదికి గుంటూరు మేడకన్నా ఎక్కువ పలుకుతోంది. అద్దెకున్నవాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుంటున్నారు.

చెంచురామయ్య మాత్రం లక్ష్మీదుర్గ ఇంటి ముందుగదిలో మంచం దిగనన్నాడు.

“ఖాళీ చెయ్యండి. రేపే తెల్లోళ్ళు దిగుతున్నారు,” అంది లక్ష్మీదుర్గ గుమ్మంలో నిలబడి.

“పుష్యమాసం! శూన్యమాసంలో ఎవరన్నా ఇల్లు మారతారా? నీకే అరిష్టం.”

“అరిష్టం సంగతి తర్వాత. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.”

“పోనీ, వరండాలో పడుకుంటా.”

“వరండాకీ అడ్వాన్సు తీసేసుకున్నా.”

పక్కింటి ఖాదర్ వలికి జీపుంది. విదేశీయుల్ని తెచ్చే బేరం అతనిదే. అరుపులు విని వచ్చాడు.

“నువ్వన్నా చెప్పు వలీ! ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఉంటున్నా. కప్పు కారి నెత్తిన పడుతున్నా ఒక్క మాటన్నానా?”

“ఒక్క నెల అద్దె ఇచ్చారా?” అందుకుంది లక్ష్మీదుర్గ. “పైగా మూడు పూటలా భోజనం. కాఫీలో పంచదార తగ్గితే అలకొకటి!”

ఖాదర్ వలి నవ్వాపుకోలేక తల దించుకున్నాడు.

“బతికున్నంతకాలం ఇక్కడే ఉండమని మీ నాన్న మాటిచ్చాడు!”

“మాటిచ్చాడు. ఇల్లు రాసివ్వలేదుగా!”

ఆ మాట చెంచురామయ్యకు గట్టిగానే తగిలింది. పాపం, సొంతూరు వదులుకుని వచ్చినవాడు. పొలంలో పత్తి కాపలా గుడిసె తప్ప పోవడానికి మరో చోటు లేదు.

“నేనింక ఊళ్ళో తలెత్తుకు తిరగగలనా?” అన్నాడు.

లక్ష్మీదుర్గకూ మనసు చివుక్కుమంది. “ఉత్సవం అయిపోగానే వచ్చేద్దురుగాని. ఆ డబ్బులతో కప్పు బాగుచేయిస్తా. కారేది మీ నెత్తినేగా?”

మర్నాడు చెంచురామయ్య మంచం నెత్తిన పెట్టుకుని గేటు దాటుతుంటే, జీపులోంచి ఓ తెల్లామె దిగింది. ఆయన్ని చూసి కంగారుపడి ఏదో అడిగింది.

“మా కోసం ఈ పెద్దాయన్ని వెళ్ళగొడుతున్నారా, ఎవరాయన అంటోందక్కా,” అన్నాడు ఖాదర్ వలి.

లక్ష్మీదుర్గ పుస్తెలు కళ్ళకద్దుకుని, “మావారేనని చెప్పు వలీ, ఇల్లరికం వచ్చారు,” అంది.