పనికిరాని బెజ్జం

బేకరీలో కేకుల అద్దాల పెట్టె పక్కన పెట్టిన మిషన్ని చూడగానే కళ్ళద్దాలాయనకి ఒళ్ళు భగ్గుమంది.

అది ఆయన మిషనే. అంటే చేసింది ఆయన కాదు, గీసింది ఆయన. అడుగున చక్రం తిరుగుతూ గోళీల్ని ఒక్కొక్కటే పైకి మోస్తుంది. పైనుంచి అవి తీగల దారిలో మెలికలు తిరుగుతూ జారి, చిన్న గంట కొట్టి, మళ్ళీ చక్రంలోకే వచ్చి పడతాయి. దానివల్ల ఉపయోగమేమిటని అడగకూడదు. ఇలాంటివి చేసేవాళ్ళని ఆ ప్రశ్న అడిగితే అన్నం మానేస్తారు.

బన్ను కోసం వచ్చినవాళ్ళు బన్ను మరిచిపోయి దాన్నే చూస్తున్నారు. గల్లాపెట్టె వెనక బేకరీ యజమాని ఉబ్బి తబ్బిబ్బవుతున్నాడు. పరాయివాడైతే కళ్ళద్దాలాయన అక్కడే కాలర్ పట్టుకునేవాడు. ఏం చేస్తాం, స్వయానా వియ్యంకుడు. కూతుర్ని ఇచ్చింది ఆ ఇంటికే.

ఒక బిస్కెట్టు కొనుక్కుని, నములుతూ మిషను దగ్గరికెళ్ళి వంగి చూశాడు. పై మలుపు దగ్గర, పక్క రేకుకి, బెజ్జం. ఉంది. అందులో ఏదో పుల్లలాంటిది ఇరుక్కుని ఉంది. బేకరీ అన్నాక సవాలక్ష చెత్త.

'అడ్డంగా దొరికావయ్యా' అనుకున్నాడు.

ఊళ్ళో మిషన్ల పిచ్చి పట్టినవాళ్ళకి ఒక సంఘం ఉంది. సైకిల్ షాపు పైగదిలో ఆదివారాలు కూర్చుంటారు. ఉన్నది ఒకటే రూలు. నువ్వు గీసిన బొమ్మ గోడకి అంటిస్తే ఎవరైనా చేసుకోవచ్చు, కానీ నీ పేరు రేకు మీద చెక్కి ఆ మిషనుకి తగిలించాలి. కళ్ళద్దాలాయన తన బొమ్మని కొన్నాళ్ళు అంటించి, మెరుగులు దిద్దాలని పీకేశాడు. ఆ తర్వాత తన మిషను చేసుకుంటున్న షెడ్డులోకి పురుగుని కూడా రానివ్వలేదు, కాపీ కొడతారని.

ఇప్పుడు చూస్తే బేకరీ మిషను మీద ఎవరి పేరూ లేదు. పైగా పట్టణంలో జరిగే ప్రదర్శనలో సంఘం తరఫున దాన్నే పెడతారట. అడిగితే బేకరీ ఆయన, చాలా మార్చుకున్నాననీ, ఇప్పుడది తన సొంతమేననీ చెప్పుకుంటున్నాడట.

కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, మామయ్యగారితో తగువు పెట్టుకుని నువ్వు హాయిగా ఇంటికెళ్ళిపోతావు. పొద్దున లేస్తే ఆయన ముఖం చూడాల్సింది నేను."

"నాకేమీ వద్దమ్మా. దాని మీద నా పేరుంటే చాలు" అన్నాడు. నిజంగానే అంతకుమించి ఆయనకేమీ వద్దు.

భార్య గొడవ వేరు. చెప్పులో కాలు పెడితే గోళీ, చీపురు తిప్పితే గోళీ, ఆఖరికి పప్పు డబ్బాలో కూడా గోళీ. ముందు వీటి సంగతి చూసి తర్వాత ఊరి మీద పడమంది. కళాకారుడి బాధ ఈ కొంపలో ఎవరికి అర్థమవుతుంది కనుక?

ఆదివారం పంచాయితీ పెట్టారు. అధ్యక్షురాలు పళ్ళ డాక్టరమ్మ. మొహమాటాలు తెలీని మనిషి. ఒక పక్క బొమ్మ, ఒక పక్క మిషను పెట్టించింది.

కళ్ళద్దాలాయన లేచి బెజ్జం మీద వేలు పెట్టాడు. "ఇది ఎందుకో చెప్పమనండి."

బేకరీ ఆయన తెల్లముఖం వేశాడు. "గీసింది మీరు, మీకు తెలీదా బావగారూ?"

"ఎందుకూ కాదు. దీనికి పనే లేదు. కాపీ కొట్టేవాడు బెజ్జంతో సహా కొడతాడని కావాలనే పెట్టాను."

గది గదంతా ఘొల్లుమంది. "పనే లేదా?" అని బేకరీ ఆయన ఇంకేదో అనబోయాడు గానీ ఆ నవ్వుల్లో వినేవాడెవడు? మిషను వంకా వియ్యంకుడి వంకా మార్చి మార్చి చూసి, తల దించుకున్నాడు.

డాక్టరమ్మ పన్ను పీకినంత తేలిగ్గా తీర్పు చెప్పేసింది. ఇది ముమ్మాటికీ నకలే. నకలుని ప్రదర్శనకి పంపితే సంఘం పరువు గంగలో కలుస్తుంది. "అసలుది ఉండగా ఇదెందుకు? మీ మిషనే పెడదాం. రేపు పొద్దున తెచ్చి అందరి ముందూ ఆడించండి."

చప్పట్లు మోగిపోయాయి. కళ్ళద్దాలాయన నవ్వు మీసాల దగ్గరే ఆగిపోయింది. పోనీలెండి, పాపం ఆయనదే ఉంచండి, నా పేరు తగిలిస్తే చాలు అని నీళ్ళు నమిలాడు. ఎంత పెద్ద మనసండీ అని మళ్ళీ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ మాత్రం ససేమిరా అంది.

బేకరీ ఆయన లేచాడు. గోళీలన్నీ బ్రెడ్డు కవర్లోకి ఏరుకుని, మిషన్ని కేకు పెట్టెలో సర్దుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ పెట్టెకి రెండోవైపు పట్టడానికి ఎవరూ రాలేదు. కళ్ళద్దాలాయనే వెళ్ళి పట్టాడు.

ఇద్దరూ మెట్లు దిగారు. కింద సైకిల్ షాపు మూసి ఉంది. కళ్ళద్దాలాయన ఇటూ అటూ చూసి, పెట్టె కింద పెట్టి, వియ్యంకుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"బావగారూ," అన్నాడు గొంతు బాగా తగ్గించి, "ఆ బెజ్జంలో మీరు గుచ్చిందేమిటో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి, నా మిషన్లో ఇంతవరకూ ఒక్క గోళీ కూడా ఆ మలుపు దాటలేదు."