పింగాణీ పలకకు కాపలా

పొద్దున్నే మళ్ళీ పలక పగిలింది. పెద్దాయన ఆ రెండు ముక్కలనూ టేబుల్ మీద పెట్టి అల్లుడికేసి చూశాడు, చచ్చిన ఎలుకను ఇంట్లోకి తెచ్చిన పిల్లిని చూసినట్టు.

గదిలో ఫ్యాను తిరగడం లేదు. ఇద్దరి కోసం ఫ్యాను దండగని ఆయన లెక్క. అల్లుడి చొక్కా తడిసిపోయింది.

వాళ్ళ ఫ్యాక్టరీలో చేసేది ఫ్యూయల్ సెల్. గ్యాసును మంట పెట్టకుండానే కరెంటుగా మార్చే పెట్టె. చప్పుడుండదు, పొగ రాదు. దాని ప్రాణమంతా లోపలి పింగాణీ పలకల్లోనే. రేపు ఆస్పత్రివాళ్ళు చూడడానికి వస్తున్నారు. పగలని పలక ఒక్కటైనా చూపించకపోతే ఆర్డరు పోయినట్టే, ఫ్యాక్టరీ మూసుకోవలసిందే.

"మీ అత్తయ్య జాడీలు పెళ్ళినాటివి. ఒక్కటీ పగల్లేదు. ఆవిడ ఏ కాలేజీలో చదివిందయ్యా?"

అల్లుడు ఓపిగ్గా చెప్పాడు. పలకను కాల్చడం కష్టం కాదు, చల్లార్చడమే కష్టం. కరెంటు ఫర్నేసు రాత్రంతా వేడిని కొంచెం కొంచెంగా దించుకుంటూ రావాలి. ఒక్కసారిగా చల్లబడితే బీట తప్పదు. ఎక్కడో తేడా జరుగుతోంది, ఈ రాత్రికి అక్కడే పడుకుంటానన్నాడు.

"నీ గురకకే పగులుతుంది. ఇంటికి పో."

"మామయ్యా, ఈ ఒక్క రాత్రి..."

"మీలో ఎవణ్ణీ నమ్మను. కాపలా నేనే చూసుకుంటా."

అంతకుముందున్న ఇద్దరు ఇంజనీర్లనూ ఆయన ఇలాగే సాగనంపాడు. ఒకడికి మట్టిబుర్ర అనీ, ఇంకొకడికి వెన్నచేతులనీ పేర్లు పెట్టి మరీ. రేపు కూడా పగిలితే అల్లుడికీ అదే దారి, కూతురు ఏడ్చినా సరే అని తేల్చేశాడు.

అల్లుడు ఆఖరి పలకను ఫర్నేసులో పెట్టాడు. ఇంకోటి చేసే వ్యవధి లేదు. సాయంత్రానికి లోపల ఎర్రగా కాగింది.

పెద్దాయన అందరినీ గేటు దాటించాడు. వెనక్కొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఫర్నేసు చుట్టూ ఓసారి తిరిగాడు. బల్లల కింద కూడా వంగి చూశాడు. ఎవరూ లేరు. పలక జోలికి వచ్చేవాడే లేడు. ఇంతమంది చదువుకున్నవాళ్ళకు జీతాలిచ్చి చివరికి కాపలా తను కాయాల్సి వచ్చిందే అని నవ్వుకున్నాడు.

బయటికొచ్చి తలుపుకి తాళం వేసి, తను పొద్దున ఎత్తి సాయంత్రం దించే మెయిన్ స్విచ్‌ను, కరెంటు దండగ కాకుండా, రోజూలాగే కిందికి దించేశాడు.